చీకట్లో పుట్టినవాడి పేరు

ఆ ఏడు సూర్యుడి కంటే ముందే మా ఆయన పావియా వెళ్ళిపోయాడు. సూర్యుడు వెళ్ళాడంటే అర్థముంది. మా మంచుదేశంలో నవంబరులో సముద్రం అంచున ఒక్కసారి ఎర్రగా తొంగిచూసి దిగిపోతాడు, మళ్ళీ జనవరి చివరికి గానీ మొహం చూపించడు. దానికి ఎవరం దిగులుపడం. దీపంలో నూనె పోసుకుని మా పనులు మేం చూసుకుంటాం. కట్టుకున్నవాడు వెళ్ళాడంటే మాత్రం ఎటు వెళ్ళాడో, వస్తాడో రాడో చెప్పేవాళ్ళుండాలి కదా. ఆ చెప్పేవాళ్ళే లేకపోయారు. అప్పటికి నేను నిండు నెలల మనిషిని.

నిజానికి జరిగింది పెద్ద విషయమేం కాదు. అక్టోబరులో తెల్లతిమింగలాలు మా అఖాతంలోకి వచ్చాయి. పావియా ఈటె విసిరాడు, ఈటె దిగింది. కానీ తిమింగలం మునిగి పారిపోకుండా దాని తాడుకి కట్టిన గాలితిత్తి ముడి ఊడిపోయి, తిమింగలం ఈటెతో తాడుతో సహా వెళ్ళిపోయింది. ఊరంతా చీకటి రోజులు గడుపుకునే మాంసం అది. ఆ సాయంత్రం మా అత్త బోలెట్టే ఇంట్లో అందరూ కాఫీకి చేరారు. ఆవిడ ఇల్లంటే మా ఇల్లే, అందరం ఒక్కచోటే ఉండేవాళ్ళం. మా అత్త నోటికి జంకని మగాడు ఊళ్ళో లేడు. కాఫీ కూజా చేత్తో పట్టుకుని, అందరి ముందూ కొడుకుతో అంది:

"నిన్ను కనే బదులు ఓ ఆడపిల్లని కన్నా బాగుండేదిరా. ముడెయ్యడమన్నా వచ్చుండేది."

అందరూ ఘొల్లున నవ్వారు. పావియా కూడా నవ్వాడు. కాఫీ చివరిదాకా తాగి, కప్పు బోర్లించి, "బాగుందమ్మా కాఫీ" అన్నాడు. మర్నాడు పొద్దున్నే తోలుపడవ తలమీద ఎత్తుకుని వెళ్ళాడు. అంతే, మళ్ళీ రాలేదు.

పడవని వెతికి చూసొచ్చింది ఓలే. మా పక్కింటివాడు, వేటలో పావియాకి జోడు. మా గుమ్మంలో టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"పడవ అవతలి అఖాతం ఒడ్డునుంది బోలెట్టే అక్కా."

"అల విసిరి కొట్టుంటుంది," అంది మా అత్త.

"విసరలేదక్కా. పోటు నీళ్ళు అందని చోట పైన పెట్టుంది. తెడ్డు లోపల సర్దుంది."

"గాలికి ఎగిరి పడింది. అంతే. బయట ఇంకోలా చెప్పావంటే ఊరుకోను."

ఓలే చెప్పకపోతే మాత్రం ఊరికి తెలియదా. పిల్లల నోట కూడా ఆ మాట నలిగింది, కివిత్తోక్ అని. ఒక్క మాట పడలేక, మనుషుల మీద అలిగి, కొండల్లోకి వెళ్ళిపోయినవాణ్ణి అలా అంటాం. ఆకలికీ చలికీ వాడు చావడట, ఆ కొండలే వాడికేదో ఇస్తాయట. చీకటి రోజుల్లో ఇళ్ళ దగ్గరికి వచ్చి చూసిపోతాడట. కానీ తనంతట తాను గడప దాటడు. లోపలివాళ్ళు రమ్మని పిలవాలి.

సముద్రంలో పోయినవాడి సంగతి వేరు. వాడు చచ్చినవాడు. చచ్చినవాడి పేరు మాలో ఎవరూ నోటితో అనరు, పుట్టబోయే బిడ్డకి ఆ పేరు పెట్టేదాకా. పెట్టాక ఆ బిడ్డే ఆ మనిషి. వాడి తల్లి ఆ బిడ్డని కొడకా అంటుంది, వాడి చెల్లెలు అన్నా అంటుంది. బతికున్నవాడి పేరు మాత్రం పెట్టకూడదు. పెడితే వాడు తిరిగొచ్చినా ఇంట్లో వాడికి చోటుండదు.

మా అత్త కొడుకు పేరు ఎత్తడం మానేసింది. నేను పంతం పట్టి మరీ ఎత్తాను. "పావియా గొడ్డలి ఎక్కడ పెట్టావత్తా?" "పావియా చేతి తొడుగులు చిరిగాయి, కుట్టాలి." విన్నప్పుడల్లా మా అత్త చేతిలో సూది ఆగిపోయేది. ఏమీ అనేది కాదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

బిడ్డ సూర్యుడు పోయిన తర్వాతే పుట్టాడు. దక్షిణాన ఆకాశం కొంచెం నీలంగా ఉందని మంత్రసాని మాలియా అంది కాబట్టి మధ్యాహ్నమే అయి ఉండాలి. మగపిల్లాడు, నిండుగా ఉన్నాడు. పుట్టగానే కేరుమన్నాడు, అందరం సంతోషించాం. ఆ ఏడుపు ఇక ఆపలేదు.

రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకునేవాడు. కడుపునొప్పేమోనని నూనె రాశాం. చలేమోనని కుందేలు తోలులో చుట్టాం. మా అత్త వాణ్ణి వీపున వేసుకుని ఇంట్లోనే అటూ ఇటూ నడిచి నడిచి కాళ్ళు వాచేలా చేసుకుంది. చివరికి మాలియా వచ్చి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గరగా వంచి చాలాసేపు వింది.

"ఇది ఏడుపు కాదే సబీనే," అంది నాతో. "అడగడం. వీడికి పేరు కావాలి."

"ఏ పేరు పెద్దమ్మా?"

మాలియా మా అత్త వైపు చూసింది. మా అత్త దీపం వత్తి సరిచేస్తూ, తల తిప్పకుండానే అంది, "తెలిసి తెలిసి అడుగుతావేం?"

నేను తెలియనట్టే ఉన్నాను. మా నాన్న పేరుతో పిలిచి చూశాం. గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడు. మాలియా తన అన్న పేరిచ్చింది. ఇంకా గట్టిగా ఏడ్చాడు. మా మామగారి పేరుతో పిలిస్తే తాగిన రెండు గుక్కలూ కక్కేశాడు.

"ఆ ముసలాడంటే నాకూ అంతేరా," అంది మా అత్త. కన్నీళ్ళ మధ్యలో నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

డిసెంబరులో చందమామ కొన్నాళ్ళు అస్తమించడం మానేసింది. ఏటా ఉండేదే. ఇంటి చుట్టూ తిరుగుతూ ఈ కిటికీలోంచి పోయి ఆ కిటికీలోకి వస్తుంది. ఆ వెలుగులోనే ఒక మధ్యాహ్నం నీళ్ళు కాచుకోవడానికి మంచుగడ్డ తెద్దామని బయటికి వెళ్ళాను. మా కుక్కలన్నీ లేచి నిలబడి ఉన్నాయి. అవి ఊరికే ఉండే జాతి కాదు, నక్క కదిలితే ఊరంతా లేపుతాయి. ఆ రోజు ఒక్కటీ మొరగలేదు. అన్నీ కొండ వైపు తిరిగి మెల్లగా తోకలు ఊపుతున్నాయి.

మాంసం ఆరేసే పందిరి వైపు చూశాను. కుక్కలకి అందని ఎత్తది. సీలు పక్కటెముకల ముక్క ఒకటి లేదు. తాడు తెంపలేదు. ముడి విప్పి మాంసం తీసుకుని, ఖాళీ తాడుని మళ్ళీ ముడేసి పెట్టారు. ఆ ముడి నా గోళ్ళకి లొంగలేదు. పళ్ళతో లాగినా రాలేదు.

అత్తని పిలిచి చూపించాను. ఆవిడ చేతి తొడుగు తీసి ఆ ముడిని వేళ్ళతో తడిమింది. ఆ చలిలో ఒట్టి చేత్తో అంతసేపు ఎవరూ తాడు పట్టుకోరు.

"ఓలే తీసుకునుంటాడు," అంది ఆఖరికి. "అడిగి తీసుకోవడం వాడి ఇంటా వంటా లేదు."

"ఓలేని అడిగి రానా?"

"అడక్కు."

లోపలికి వెళ్తూ కిటికీ చూశాను. అద్దానికి బయటివైపు, మగాడి మొహం ఎత్తులో, ఊపిరి తగిలి గడ్డకట్టిన మచ్చ ఉంది. ఆ కిటికీకి సూటిగా, లోపల మేమంతా పడుకునే అరుగు మీదే బిడ్డని పడుకోబెడతాం. భయమేసింది. భయంతో పాటు సంతోషమూ వేసింది, దాచడమెందుకు. బతికే ఉన్నాడు, బిడ్డని చూసుకుని పోతున్నాడు అనుకున్నాను. కోపం చల్లారిన రోజున తలుపు దాకా వస్తాడు, రా అంటాను, వస్తాడు. అప్పటిదాకా ఆ పేరు పావియా కోసం కాపాడాలి. నా పని అదొక్కటే అనుకున్నాను.

క్రిస్మస్‌కి ఉపదేశి ఎలియాసర్ గారు పాటల బృందాన్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వచ్చారు. కిటికీ కింద మంచులో నిలబడి పాడటం మా ఆచారం, లోపలివాళ్ళు దీపం ఆర్పి వింటారు. మా ఊళ్ళో బరువైన గొంతుతో కిందిస్వరం పాడేది ఒక్క పావియానే. ఆ ఏడు అది ఉండదు, పాట చప్పగా ఉంటుందని ముందే అనుకున్నాం. దీపం ఆర్పాను. పాట మొదలైంది. రెండో చరణంలో కిందిస్వరం వచ్చి కలిసింది.

చీకట్లో మా అత్త చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. పాట అయ్యేదాకా వదల్లేదు. బిడ్డ ఆ కాసేపూ ఏడవలేదు.

దీపం వెలిగించి వాళ్ళకి కాఫీ పోస్తూ నేను మామూలుగానే అడిగాను, "కిందిస్వరం ఎవరండీ పాడింది?"

పాడినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "నువ్వు కాదా?" అని ఓలేని అడిగారు ఎలియాసర్ గారు. "నాకు పైస్వరమే సరిగ్గా రాదు, మీరే తిడతారుగా," అన్నాడు ఓలే. కాఫీ సగం తాగి అందరూ గుంపుగా వెళ్ళిపోయారు.

పండగ దాటాక బిడ్డ ఏడుపు తగ్గింది. తగ్గితే సంతోషించాలి. వాడు ఓపిక లేక తగ్గించాడు. చేతులు పుల్లల్లా అయ్యాయి. నోట్లో రొమ్ము పెడితే అలాగే ఉంచుకుని చూస్తూ ఉండేవాడు. ఉపదేశి గారు మళ్ళీ వచ్చి అరుగు చివర కూర్చున్నారు.

"బాప్తిస్మం లేకుండా పోనివ్వకమ్మా సబీనే. ఏదో ఒక పేరు చెప్పు."

"నా కొడుకు పేరు పెట్టండి," అంది మా అత్త. "వాడు సముద్రంలో పోయాడు. వేటకెళ్ళి మగాడిలా పోయాడు."

"పోలేదు," అన్నాను. "అలిగి వెళ్ళాడు. అలిగినవాడు వస్తాడు."

"ఎవరి మీద అలిగాడే?"

"నన్నెందుకు అడుగుతావత్తా? ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు."

ఎలియాసర్ గారు దగ్గి కాఫీ కప్పులోకి చూసుకున్నారు. నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"నా నోరేలే," అంది మా అత్త, గొంతు పెంచకుండా. "నా నోటికి భయపడే పోయాడు. ఒప్పుకున్నాను. అందుకే చెప్తున్నా, వాడు సముద్రంలోనే పోయాడు. పోయినవాడైతే మళ్ళీ ఒళ్ళోకి వస్తాడు, తప్పయిందిరా అని చెప్పుకోవచ్చు. కొండల్లో ఉన్నవాడికి ఏం చెప్పుకోను? వాణ్ణి ఎక్కడని పట్టుకోను? అదంతా సరే. వీణ్ణి చూడవే. వీడు కూడా పోతే ఎవరి కోసం దాస్తావు ఆ పేరు?"

"కివిత్తోక్ అనేదంతా పాతకాలపు మాట, దేవుడి బిడ్డలు నమ్మకూడదు," అన్నారు ఎలియాసర్ గారు లేస్తూ. అని, ఇంటికి వెళ్ళడానికి ఓలేని తోడు పిలుచుకున్నారు. ఆయన ఇల్లు మా ఇంటికి నాలుగంగలు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకి అత్త బొగ్గు కోసం కొట్టుకి వెళ్ళింది. మధ్యాహ్నం. సముద్రం అంచున సన్నగా ఎర్రటి గీత పడింది, అప్పుడే ఆరిపోతోంది కూడా. బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయి. పాల చుక్క పిండి పెదాల మీద వేస్తే నాలుక కదపలేదు. కిటికీ వైపు చూశాను. అద్దం మీద మచ్చ తాజాగా ఉంది. నాకు ఇద్దరూ కావాలి. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో నాకు తెలియలేదు.

కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను.

"పావియా," అన్నాను బిడ్డతో. "పాలు తాగు."

వాడు కళ్ళు తెరిచి నన్ను చూశాడు. తాగాడు. కుడివైపు అయ్యాక ఎడమవైపు అడిగాడు. తాగుతూ తాగుతూ నిద్రపోయాడు.

అత్త బొగ్గు బకెట్‌తో లోపలికి వచ్చి అక్కడే ఆగిపోయింది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆవిడకి మరోలా అనిపించి ఉంటుంది.

"ఏడవట్లేదేంటే?" అంది, భయంభయంగా.

"పావియా పడుకున్నాడత్తా."

బకెట్ మెల్లగా కింద పెట్టింది. మంచు బూట్లతోనే అరుగు దాకా వచ్చి మోకాళ్ళ మీద కూలబడింది. బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి, "వచ్చావా నాన్నా," అంది. "ఆ రోజు ఊరికే అన్నాన్రా. నీ ముడి మంచిదే. తాడే పాతది." అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం వేరువేరు మనుషుల కోసం ఏడుస్తున్నామని నాకు తెలుసు, ఆవిడకి తెలియదు.

ఆదివారం బాప్తిస్మం అయింది. ఇక మా ఇంటికి నవ్వు తిరిగొచ్చింది. చూడవచ్చిన ఆడవాళ్ళందరికీ నేనే దొరికాను.

"మీ ఆయన తడిపాడే సబీనే, చూసుకో."

"మీ ఆయనకి పళ్ళెప్పుడొస్తాయమ్మా? మాంసం నువ్వే నమిలి పెట్టాలా?"

ఓలే సీలు కాలేయం తెచ్చి, వేటజోడు వాటా అని బిడ్డ పక్కన పెట్టాడు. "ఏరా, నా దగ్గర ఆకురాయి పట్టుకెళ్ళావు, ఎప్పుడిస్తావు?" అని నిలదీశాడు. బిడ్డ తుమ్మాడు. "తప్పించుకోవడం మర్చిపోలేదు వెధవ," అన్నాడు ఓలే. అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. మా అత్త వాణ్ణి కొడకా అనేది. మా ఆయన అనడానికి మొదట్లో నాకు సిగ్గేసింది. తర్వాత నోరు అలవాటు పడింది. మా ఆయన లేచాడు, మా ఆయనకి ఆకలేస్తోంది, మా ఆయన్ని కాసేపు ఎత్తుకో అత్తా.

కుక్కలు ముడుచుకుని పడుకుంటున్నాయి. పందిరి మీద మాంసం పెట్టినది పెట్టినట్టే ఉంది. కిటికీ అద్దం శుభ్రంగా ఉంది. కావాలని చూడటం మానలేదు నేను, చూడాలన్న సంగతే మర్చిపోయాను. ఆ మరుపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

జనవరి చివర సూర్యుడు వచ్చే రోజు ఊరంతా సముద్రం వైపు గుట్ట ఎక్కింది. సూర్యుడు కనబడగానే అక్కడ నిలబడి పాట పాడతాం. అత్త కొత్త బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వు రావా?"

"మా ఆయనకి జలుబు చేసింది. గాలి తగలకూడదు."

"మొగుణ్ణి నెత్తిన పెట్టుకుంటున్నావే. చెడిపోతాడు," అని నవ్వుతూ వెళ్ళింది.

పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. బిడ్డ అరుగు మీద తన చేతులు తానే చూసుకుంటూ ఆడుకుంటున్నాడు. నేను వాడికి తోలు టోపీ కుడుతున్నాను. బయటి నడవలో బూట్లకి అంటిన మంచు దులుపుకుంటున్న చప్పుడైంది. గుట్ట మీద చలికి ఆగలేక ఎవరో వెనక్కి వచ్చారనుకున్నాను. కుక్కలు మొరగలేదు, తెలిసినవాళ్ళే. మా ఊళ్ళో ఎవరూ తలుపు దగ్గర ఆగరు, తోసుకుని వచ్చేస్తారు. ఆ వచ్చినవాళ్ళు ఆగారు. చాలాకాలంగా మాట్లాడని గొంతుతో అడిగారు:

"లోపల ఎవరున్నారు?"

నా పళ్ళ మధ్య దారం ఉంది. ఆలోచించలేదు. ఆ రోజుల్లో ఎవరడిగినా ఏం చెప్తున్నానో అదే చెప్పాను.

"నేనూ, మా ఆయనా."

తలుపు అవతల ఒక ఊపిరి వదిలిన చప్పుడు. ఆ తర్వాత అడుగులు, తొందరేమీ లేకుండా, వెనక్కి.

దారం నోట్లోంచి తీసేలోపు ఆ గొంతు ఎవరిదో నాకు తెలిసింది. ఎలా లేచానో లేచి, నడవ దాటి, బయటి తలుపు తోశాను. కొండ వైపు వాలు మీద ఒక మనిషి పైకి నడిచిపోతున్నాడు. అటు తిరిగి ఉన్నాడు, వీపే కనిపిస్తోంది. పరిగెత్తడం లేదు. నా వెనక దూరంగా, గుట్ట మీద, ఊరివాళ్ళ పాట మొదలైంది. కొండ కొసన ఎర్రటి వెలుగు పడింది.

ఆ మనిషిని పిలవడానికి నా దగ్గరున్న పేరు ఒక్కటే. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని, గొంతు పగిలేలా పిలిచాను.

"పావియా."

ఆ మనిషి ఆగలేదు. తల తిప్పలేదు. నా వెనక, ఇంట్లోంచి, బిడ్డ ఊకొట్టాడు.

మళ్ళీ పిలిచాను. మళ్ళీ వాడే పలికాడు.

తలుపు తెరిచి ఉంటే గాలంతా లోపలికి పోతుంది, వాడికి అసలే జలుబు. తలుపు వేసి లోపలికి వచ్చాను.